బీటిల్ ఇంజన్‌కి ఫ్యాన్ ష్రౌడ్ మార్చడం: ఏం కొనాలి, ఎలా విప్పాలి, ఎక్కడ తేడా వస్తుంది

ప్రశ్న క్లుప్తంగా ఇది: డాలస్‌లో ఉన్న ఒకాయన దగ్గర 1972 ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ ఉంది, 1600 సీసీ డ్యూయల్ పోర్ట్ ఇంజన్, డైనమో మోడల్. ముందు ఓనరు అసలు ష్రౌడ్ (ఫ్యాన్‌ని కప్పి, గాలిని సిలిండర్ల మీదికి మళ్లించే రేకు డబ్బా) తీసేసి తళతళలాడే క్రోమ్ ష్రౌడ్ వేశాడు. హైవే మీద అరగంట నడిపితే ఆయిల్ టెంపరేచర్ 125 డిగ్రీలు దాటుతోంది. ష్రౌడ్ మారిస్తే తగ్గుతుందా, ఇంజన్ దించకుండా పని అవుతుందా, ఏమేం కొనాలి అని అడిగారు.

తగ్గుతుంది. కానీ ష్రౌడ్ ఒక్కటే కొని బిగిస్తే మీరు ఆశించినంత తగ్గదు. ఎందుకో ముందు చెప్తాను, ఎందుకంటే కొనాల్సిన సామాను లిస్టు దాని మీదే ఆధారపడి ఉంటుంది.

ఈ బండికి ఇంజన్ వెనక ఉంటుంది, రేడియేటర్ లేదు, నీళ్లు లేవు. డైనమో షాఫ్టుకు వెనకవైపు పుల్లీ ఉంటే, ముందువైపు ష్రౌడ్ లోపల ఫ్యాన్ ఉంటుంది. ఇంజన్ ఒక చుట్టు తిరిగేసరికి ఫ్యాన్ రెండు చుట్లకు కాస్త తక్కువ తిరుగుతుంది. అది ఇంజన్ గదిలోని చల్లగాలిని ష్రౌడ్ ముందువైపు ఉన్న గుండ్రటి నోట్లోంచి లాగి, ఎడమకీ కుడికీ పంచి, సిలిండర్ల మీదుగా కిందికి తోస్తుంది. వేడెక్కిన గాలి బండి అడుగుకి పోతుంది. ఇంజన్ చుట్టూ ఉన్న రేకుల పైన చల్లగాలి, రేకుల కింద వేడిగాలి. ఈ రెండూ కలవకూడదు, మొత్తం కూలింగ్ సిస్టమ్ అంటే ఇంతే. ఎక్కడ సందు ఉన్నా కింది వేడిగాలి పైకి వస్తుంది, ఫ్యాన్ దాన్నే మళ్లీ లాగుతుంది, వండిన గాలితోనే ఇంజన్‌ని చల్లబరచాలని చూస్తుంది. మన చేతక్ స్కూటర్ సిలిండర్ మీద రేకు కవర్ తీసి నడిపితే ఏమవుతుందో తెలిసినవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు. ఆ కవర్ అందం కోసం పెట్టింది కాదు, ఇదీ అంతే.

ఇప్పుడు మీ క్రోమ్ ష్రౌడ్ సంగతి. ఇలాంటి వాటితో మూడు ఇబ్బందులు. చాలావాటిలో లోపల గాలిని మళ్లించే వంపు రేకులు ఉండవు. ఫ్యాన్ ఒకే దిశలో తిరుగుతుంది కాబట్టి గాలి సహజంగా ఒక పక్కకే ఎక్కువ పోతుంది, దాన్ని రెండు పక్కలకీ సమంగా పంచేది ఆ వంపు రేకులే. బల్బు పట్టుకుని ఫ్యాన్ నోట్లోంచి చూస్తే ఉన్నాయో లేవో కనపడుతుంది. రెండోది, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు గాలిని ఆపి, వేడెక్కాక థర్మోస్టాట్‌తో తెరుచుకునే ఫ్లాపులు ఉండవు. మూడోది, రేకు పల్చగా ఉండి, స్క్రూ రంధ్రాలు కలవక, సిలిండర్ రేకులతో అంచులు సరిగ్గా కూర్చోవు. క్రోమ్ వల్ల వేడి బయటికి పోదు అని కొందరు అంటారు. నల్ల పెయింటు వేడిని బాగా వదులుతుందన్నది నిజమే, కానీ మీ 125 డిగ్రీలకి కారణం అది కాదు, సందులు.

పోతే అసలు అనుమానం ఆయిల్ కూలర్ మీద. 1971 మోడల్ నుంచి బీటిల్‌కి 'డాగ్‌హౌస్' అనే ష్రౌడ్ వచ్చింది. అంతకుముందు ఆయిల్ కూలర్ ష్రౌడ్ లోపలే, ఎడమపక్క, 3వ సిలిండర్‌కి సరిగ్గా పైన నిలబడి ఉండేది. అందువల్ల 3వ సిలిండర్‌కి వచ్చే గాలి ముందే వేడెక్కి, తగ్గిపోయి వచ్చేది. ఆ సిలిండర్ ఎక్కువ వేడెక్కుతోందని కొన్ని డిస్ట్రిబ్యూటర్లలో దాని ఒక్కదానికీ టైమింగ్ కాస్త వెనక్కి పెట్టారు కూడా. డాగ్‌హౌస్‌లో కూలర్‌ని ష్రౌడ్‌కి ముందువైపు ఒక గూట్లోకి జరిపి, దానికి వేరే గాలి దారి, ఆ గాలి కిందికి పోవడానికి వేరే డక్టు ఇచ్చారు. ఫ్యాన్ కూడా వెడల్పు చేశారు. మీది 1972 కాబట్టి ఫ్యాక్టరీ నుంచి డాగ్‌హౌసే వచ్చి ఉండాలి. మీరు వెతకాల్సింది అదే: పాత ఒరిజినల్ జర్మన్ డాగ్‌హౌస్ ష్రౌడ్, ఫ్లాపులతో. తుప్పు పట్టి, పెయింటు పోయి ఉన్నా ఫరవాలేదు, కొత్త నకలు కన్నా నయం.

పాతది కొనేటప్పుడు చూడాల్సినవి: ఫ్యాన్ నోరు చుట్టూ పగుళ్లు, కింది అంచులు వంగి ఉన్నాయా, లోపలి వంపు రేకుల స్పాట్ వెల్డింగ్ ఊడిందా. చేత్తో తట్టి చూడండి, డబ్బా మోత వస్తే ఊడినట్టే. ఫ్లాపులు చేత్తో తిప్పితే పట్టకుండా తిరగాలి. కాయిల్ బిగించే రంధ్రాలు ఉండాలి, ఎందుకంటే కాయిల్ ష్రౌడ్ మీదే కూర్చుంటుంది. తర్వాత ష్రౌడ్‌ని బోర్లించి దులపండి. ఏళ్ల తరబడి షెడ్డులో పడున్న ష్రౌడ్‌లో ఎలుక గూడు ఉండటం మామూలే. ఒక గుప్పెడు దూదిపింజలు 4వ సిలిండర్ మీద పడితే ఆ సిలిండర్ పని అయిపోయినట్టే.

దాంతోపాటు కావలసినవి చెప్తాను. డాగ్‌హౌస్ ఫ్యాన్, అంటే వెడల్పుది. పాత సన్న ఫ్యాన్ దీంట్లో పడుతుంది, తిరుగుతుంది, గాలి మాత్రం తక్కువ తోస్తుంది. చాలామంది ఇక్కడే మోసపోతారు. డాగ్‌హౌస్ ఆయిల్ కూలర్, దాని కింద వచ్చే అడాప్టర్ దిమ్మ, సీల్స్ నాలుగు (దిమ్మకీ ఇంజన్ కేసుకీ మధ్య రెండు, కూలర్‌కీ దిమ్మకీ మధ్య రెండు). ఈ సీల్స్ దగ్గర జాగ్రత్త: పాత కేసుల్లో ఆయిల్ రంధ్రాలు 8 మిల్లీమీటర్లు, తర్వాతవాటిలో 10. మీ కేసు మార్చిందో ఏమో తెలియదు కాబట్టి ముందు రంధ్రం కొలిచి సీల్స్ కొనండి. తప్పు సీల్ వేస్తే అప్పటికి కారదు, హైవే ఎక్కాక కారుతుంది. కూలర్ వేడిగాలి బయటికి పోయే డక్టు రేకులు, కూలర్ అడుగున వచ్చే చిన్న రేకు ముక్క, ఆ డక్టుకి రంధ్రం ఉన్న ముందు రేకు, కూలర్ చుట్టూ ఫోమ్ సీల్. ఆ చిన్న రేకు ముక్క చూస్తే ఏదో తుక్కులాగే ఉంటుంది, అందుకే సగం ఇంజన్లలో పారేసి ఉంటారు. అది లేకపోతే కూలర్ వదిలిన వేడిగాలి తిరిగి ఇంజన్ గదిలోకే వస్తుంది. మీ మీటర్ 125 చూపించడానికి పందెం కాయమంటే నేను దీని మీదే కాస్తాను.

ఇంకా: థర్మోస్టాట్, దాని బ్రాకెట్, కడ్డీ. ప్లగ్గు వైర్ల మీద వచ్చే నాలుగు రబ్బరు టోపీలు గట్టిపడి ఉంటే కొత్తవి. ఇంజన్ గది చుట్టూ వచ్చే రబ్బరు సీల్. హీటర్ డబ్బాలకి గాలి తీసుకెళ్లే రెండు గొట్టాలు. మీ బండికి హీటర్ డబ్బాలు తీసేసి ఉత్త పైపులు వేసి ఉంటే ష్రౌడ్ మీది ఆ రెండు మూతులూ మూసేయాలి, లేకపోతే ఫ్యాన్ తోసిన గాలి అటే పోతుంది.

ఇంజన్ దించాలా? దించకుండా చెయ్యొచ్చు, వెనక ఇంజన్ మూత విప్పేస్తే ష్రౌడ్ పైకి వస్తుంది. కానీ డాగ్‌హౌస్ డక్టు స్క్రూలు బాడీ గోడ వైపు ఉంటాయి, చెయ్యి పట్టదు, కంటికి కనపడదు. పైగా మీకు ముందు రేకు కూడా మార్చాలి. నా సలహా, దించేయండి. ఇంజన్‌ని గేర్‌బాక్సుకి పట్టి ఉంచేవి నాలుగు బోల్టులే, 17 పానా. బరువు వంద కిలోలకు పైనే, కాబట్టి మంచి ట్రాలీ జాకీ, సాయానికి ఒక మనిషి తప్పనిసరి.

విప్పే వరస. బ్యాటరీ మైనస్ తీయండి. పెట్రోల్ గొట్టం నొక్కిపట్టి తీసి, చివర సరిపోయే బోల్టుతో బిరడా వేయండి. ఈ బండ్లకి నిప్పంటుకునేది ఎక్కువగా ఈ గొట్టాల దగ్గరే, పాతదైతే ఇప్పుడే మార్చేయండి. కార్బొరేటర్ దగ్గర యాక్సిలరేటర్ కేబుల్ విప్పండి. కేబుల్ బిగించే చిన్న బారెల్ పిన్ను కింద పడితే దొరకదు, విప్పగానే జేబులో వేసుకోండి. ఆ కేబుల్ ష్రౌడ్‌ని దాటి వచ్చే సన్న గొట్టం ఒకటి ఉంటుంది, అది దాచండి. అది లేకుండా కేబుల్ వేస్తే రేకు అంచుకి రాసుకుని తెగుతుంది.

కాయిల్ 15 నంబరు టెర్మినల్ మీద కార్బొరేటర్ చోక్ వైరు, ఐడిల్ కటాఫ్ వైరు కూడా కలిసి ఉంటాయి. ఫోటో తీసుకోండి. డైనమో మీద మూడు వైర్లు, వాటికీ టేపు మీద పేరు రాసి అంటించండి. ఫ్యాన్ బెల్టు తీయడానికి పుల్లీలో డైనమో వైపున్న సగానికి ఉన్న గాడిలో స్క్రూడ్రైవర్ పెట్టి, డైనమో పై బోల్టుకి ఆనిస్తే పుల్లీ తిరగదు. అప్పుడు 21 సాకెట్‌తో నట్టు విప్పండి. బండితో వచ్చిన ప్లగ్గు పానా కూడా దీనికి పడుతుంది. డైనమో పట్టీ లూజు చేయండి. ష్రౌడ్ రెండు పక్కలా సిలిండర్ రేకులకి ఉన్న స్క్రూలు, డక్టు స్క్రూలు, హీటర్ గొట్టాలు తీసేస్తే ష్రౌడ్, డైనమో, ఫ్యాన్ కలిపి ఒకే ముక్కగా నిలువునా పైకి వస్తాయి. మీ క్రోమ్ ష్రౌడ్‌కి థర్మోస్టాట్ లేదు కాబట్టి దాని గొడవ లేదు. ఉన్నవాళ్లు మాత్రం ముందు కుడిపక్క, బండి అడుగున, 1, 2 సిలిండర్ల కింద థర్మోస్టాట్ బోల్టు విప్పి, దాన్ని కడ్డీ మీద నుంచి తిప్పి తీయాలి. మరిచిపోయి లాగితే కడ్డీ వంగుతుంది.

ష్రౌడ్ తీశాక, కొత్తది వేయడానికి తొందరపడొద్దు. ఇప్పుడు కనపడేది మళ్లీ ఎప్పుడో గానీ కనపడదు. సిలిండర్ రేకులు కూడా విప్పి, ఫిన్ల (సిలిండర్ చుట్టూ పళ్లలా ఉండే పల్చటి అంచుల) మధ్య పేరుకున్న ఆయిల్ మట్టిని కిరోసిన్, బ్రష్‌తో కడగండి. హెడ్డు ఫిన్ల మధ్య పోత పోసినప్పుడు మిగిలిన అల్యూమినియం పొరలు ఉంటాయి. ప్లగ్గుల దగ్గర, ఎగ్జాస్ట్ పోర్టుల దగ్గర గట్టి తీగ పైనుంచి దూర్చి చూడండి. కిందికి వచ్చిందా, గాలి పోతుంది. మధ్యలో ఆగిందా, అక్కడ పొర ఉంది. సన్న ఆకురాయితోనో రంపపు బ్లేడుతోనో ఓపిగ్గా తీసేయాలి. ఇంజన్‌లో అన్నిటికన్నా ఎక్కువ వేడెక్కే చోటు అది. ఈ పని ఎవరూ చెయ్యరు, కానీ ఇంట్లో చేసుకునేవాళ్లకి దీనికి రూపాయి ఖర్చు లేదు.

అలాగే కింద పడుకుని సిలిండర్ల అడుగు చూడండి. ఒక్కో పక్కా రెండు సిలిండర్ల మధ్యన, పుష్‌రాడ్ ట్యూబులకి పైన, వంపు తిరిగిన రేకు ఒకటి ఉండాలి. పైనుంచి వచ్చిన గాలి సిలిండర్ల మధ్య సందులోంచి నేరుగా జారిపోకుండా, సిలిండర్‌ని చుట్టుకుని పోయేలా చేసేది ఇదే. ఇంజన్ తిరగకట్టినప్పుడు దీన్ని వేయడం మరిచిపోవడం చాలా మామూలు. అది లేకపోతే మామూలుగా హెడ్డు విప్పాల్సిందే. ఒకవేళ లేదని తేలితే ఈ ష్రౌడ్ పనితోపాటే హెడ్ల పని కూడా పెట్టుకోండి.

ఆయిల్ కూలర్ పాతదైతే లోపల సాల్వెంట్ పోసి కుదిపి కడగండి. ఇంజన్ ఎప్పుడైనా బేరింగు పోయి తిరగకట్టి ఉంటే ఆ కూలర్‌లో లోహపు పొడి ఉంటుంది, అది ఎంత కడిగినా పూర్తిగా రాదు, కొత్తది కొనండి. దాని నట్లు 7 న్యూటన్ మీటర్లు చాలు. గట్టిగా బిగిస్తే సీల్ నలిగి పక్కకి తన్నుకుంటుంది.

ఇప్పుడు ఫ్యాన్. హబ్ చుట్టూ పగుళ్లు చూడండి. ఇంజన్ 4000 తిరిగేటప్పుడు ఇది 7000 పైన తిరుగుతుంది, పగిలిన ఫ్యాన్ ఊడితే ష్రౌడ్‌ని చీలుస్తుంది. ఫ్యాన్ నట్టుకి 36 సాకెట్ కావాలి, టార్క్ 54 నుంచి 64 న్యూటన్ మీటర్లు. షాఫ్టు మీది అర్ధచంద్రాకారపు కీ (వుడ్‌రఫ్ కీ) గాడిలో సరిగ్గా కూర్చుందో లేదో చూడకుండా నట్టు బిగించొద్దు. ఫ్యాన్‌కీ దాని వెనక ఉన్న కవర్ ప్లేటుకీ మధ్య 2 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. ఇది హబ్ వెనక పెట్టే షిమ్ వాషర్లతో సరిచేస్తాం. మిగిలిన వాషర్లు పారేయకుండా ఫ్యాన్‌కి బయటివైపు, లాక్ వాషర్ కిందే పెట్టాలి. కవర్ ప్లేటు మీద గాలి సందు ఒకటి ఉంటుంది. డైనమో ఇంజన్లలో ఆ సందు కిందివైపు తిరిగి ఉండాలి. తలకిందులుగా వేస్తే డైనమోకి గాలి ఆడదు. ఆల్టర్నేటర్ వేసుకున్నవాళ్లకి ప్లేట్లు వేరు, ఇవి వాటికి కలవవు.

బిగించే వరసలో ముందు కూలర్, అడాప్టర్. తర్వాత సిలిండర్ రేకులు, అన్ని స్క్రూలూ వేలితో ఎక్కించి వదిలేయండి, బిగించొద్దు. ఆ తర్వాత ష్రౌడ్‌ని పైనుంచి నిలువునా దింపాలి. దించేటప్పుడు ఇద్దరు ఉంటే మేలు: ఒకరు ష్రౌడ్ పట్టుకుంటే, ఇంకొకరు థర్మోస్టాట్ కడ్డీని కుడిపక్క 1, 2 సిలిండర్ల మధ్య సందులోంచి కిందికి దారి చూపాలి. కడ్డీ తగిలించకుండా ష్రౌడ్ దించేసి, అంతా బిగించాక కింద వెతుక్కునేవాళ్లు తక్కువేం కాదు. ష్రౌడ్ అంచు సిలిండర్ రేకు అంచులో ఖాళీ లేకుండా చుట్టూ కూర్చుందని చేత్తో తడిమి చూశాకే స్క్రూలు మార్చి మార్చి కొద్దికొద్దిగా బిగించండి. ఒక స్క్రూ ముందే గట్టిగా బిగిస్తే మిగతా రంధ్రాలు కలవవు, అప్పుడు మనిషికి కోపం వచ్చి డ్రిల్లు తీస్తాడు. డ్రిల్లు తీశారంటే ఎక్కడో రేకు వంకరగా కూర్చుందని అర్థం.

థర్మోస్టాట్ వేయకుండా వదిలేద్దామనే ఆలోచన డాలస్ ఎండల్లో రావడం సహజం. ఇది చల్లని దేశాల సామాను అనుకుంటారు. కానీ ఇంజన్ త్వరగా వేడెక్కకపోతే సిలిండర్లు, రింగులు త్వరగా అరుగుతాయి, చలికాలం పొద్దున బండి పది నిమిషాలు నత్తగా నడుస్తుంది. పైగా ఈ థర్మోస్టాట్ బెలోస్ (వేడికి సాగే మడతల డబ్బా) లీకై పాడైతే సాగిపోయే రకం, అంటే ఫ్లాపులు తెరుచుకునే ఉంటాయి, ఇంజన్‌కి ప్రమాదం లేదు. వేసేముందు వేడినీళ్లలో పెట్టి చూడండి: 65 నుంచి 70 డిగ్రీల దగ్గర 46 మిల్లీమీటర్లకి తగ్గకుండా సాగాలి. సర్దుబాటు ఇలా: కడ్డీ చివరికి థర్మోస్టాట్ ఎక్కించి, ఇంకా కింది బోల్టు వేయకుండా, చేత్తో పైకి తోయండి, ఫ్లాపులు పూర్తిగా తెరుచుకుంటాయి. ఆ స్థితిలో బ్రాకెట్ పై భాగం థర్మోస్టాట్ తలకి ఆనేలా జరిపి బ్రాకెట్ నట్టు బిగించండి. తర్వాత థర్మోస్టాట్‌ని కిందికి లాగి బ్రాకెట్ అడుగున బోల్టు వేయండి. వేయలేనంటే మాత్రం ఫ్లాపులు పూర్తిగా తెరిచి తీగతో కట్టి ఉంచండి. సగం మూసుకున్న ఫ్లాపు అసలు ఫ్లాపు లేకపోవడం కన్నా ప్రమాదం.

బెల్టు. బొటనవేలితో మధ్యలో నొక్కితే 15 మిల్లీమీటర్లు లోపలికి పోవాలి. పుల్లీ రెండు సగాల మధ్య వాషర్లు తీస్తే బిగుతు పెరుగుతుంది, కలిపితే తగ్గుతుంది. మధ్యలోంచి తీసినవి బయట నట్టు కింద పెట్టండి, లెక్క తప్పితే నట్టు సరిగ్గా బిగియదు. ఈ నట్టుకీ ఫ్యాన్ నట్టు టార్కే. బెల్టు మరీ బిగిస్తే డైనమో బేరింగు అరుస్తుంది.

స్టార్ట్ చేసేముందు చేత్తో పుల్లీని రెండు చుట్లు తిప్పండి, ఫ్యాన్ ఎక్కడైనా రాస్తే వినపడుతుంది. రాస్తే డైనమో స్టాండు మీద కొద్దిగా జరిపి పట్టీ మళ్లీ బిగించండి. స్టార్ట్ అయ్యాక ఎక్కువ రేసు ఇవ్వకుండా, ష్రౌడ్‌కీ సిలిండర్ రేకులకీ మధ్య అతుకు పొడవునా, బెల్టుకి దూరంగా, తడి చేతిని ఆడించండి. గాలి తగిలిన ప్రతిచోటూ మీకు కూలింగ్ కారిపోతున్న చోటే. తర్వాత ప్లగ్గు వైర్ల టోపీలు రేకుకి అతికాయా, ఇంజన్ గది చుట్టూ రబ్బరు పూర్తిగా ఉందా చూడండి. వేలు దూరేంత సందు ఉంటే మూయాల్సిందే.

ఎండాకాలం హైవే మీద 100 నుంచి 110 డిగ్రీల దగ్గర ఆయిల్ నిలబడితే కంగారు పడక్కర్లేదు. ఇదంతా చేశాక కూడా 120 దాటితే అప్పుడు ష్రౌడ్‌ని వదిలేసి ఇగ్నిషన్ టైమింగ్ ముందుకి జరిగిందా, కార్బొరేటర్ మిక్స్చర్ పల్చగా ఉందా, ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ రబ్బరు బూట్ల దగ్గర గాలి లీకవుతోందా చూడండి. ఆయిల్ రెండున్నర లీటర్లే పడుతుంది ఈ ఇంజన్‌కి, అరలీటరు తక్కువైనా టెంపరేచర్‌లో తెలిసిపోతుంది.

కొత్త బెల్టు వేసి ఉంటే ఓ రెండు వందల కిలోమీటర్లు నడిపాక మళ్లీ నొక్కి చూడండి, కాస్త సాగి ఉంటుంది. నడుస్తుండగా డాష్‌బోర్డు మీద ఎర్రటి డైనమో లైటు వెలిగితే ఇంటికి పోయి చూద్దాం అనుకోకండి. ఆ బెల్టే ఫ్యాన్‌ని కూడా తిప్పుతుంది. అక్కడే పక్కకి ఆపి, ఇంజన్ ఆపేసి చూడాలి. డిక్కీలో ఒక స్పేర్ బెల్టు, 21 పానా, ఒక స్క్రూడ్రైవర్ పెట్టుకుంటే పదిహేను నిమిషాల్లో రోడ్డు పక్కనే మార్చుకోవచ్చు.